బ్యాకప్ జాడీకి మూత బిగుసుకుంటే

నెలలో 19వ తారీకు, సాయంత్రం ఆరు దాటింది. గుంటూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేసే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, బ్యాకప్ కూడా పోయిందన్నా."

ఆ 'కూడా'లోనే సగం కథ ఉంది. పొద్దున లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డి చచ్చిపోయింది. తెల్లారితే 20, జీఎస్టీఆర్-3బి వేయాల్సిన రోజు. మూడు వారాల కింద తీసిన సిస్టమ్ ఇమేజ్ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఉంది. ఆ డిస్కును పక్క టేబుల్ కంప్యూటర్‌కి పెట్టి, ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే, మౌంట్ చేయలేకపోయాం, సారీ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది విండోస్.

"ఇప్పటిదాకా ఏమేం చేశావురా?"

"రెండుసార్లు రీస్టార్ట్ చేశానన్నా. ఇప్పుడేదో రిపేర్ సాఫ్ట్‌వేర్ దించుతున్నా. 40 పర్సెంట్ అయింది."

"ఆపెయ్. ఆ ఫైలు మీంచి చెయ్యి తీసెయ్."

తీరా చూస్తే ఫైలుకి ఏ జబ్బూ లేదు. పోయిన వారం ఆ డిస్కు నిండిపోతే ఎవరో ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, చోటు ఆదా చేయడానికి డ్రైవ్‌ను కంప్రెస్ చెయ్ అనే గడిలో టిక్కు పెట్టారు. ఆ ఇమేజ్ లాంటి విహెచ్‌డి, విహెచ్‌డిఎక్స్ ఫైళ్లు అలా కుదించి ఉంటే విండోస్ వాటిని డ్రైవ్‌గా తగిలించుకోదు. ఎన్‌క్రిప్ట్ చేసినా అంతే, 'స్పార్స్' అనే గుర్తు ఉన్నా అంతే. ఫైలును కంప్రెషన్ లేని ఇంకో డిస్కులోకి కాపీ చేయించాను. 180 జీబీ, సెకనుకు వంద ఎంబీ చొప్పున అరగంట పట్టింది. ఆ తర్వాత డబుల్ క్లిక్ కొడితే మారు మాట లేకుండా తెరుచుకుంది.

ఈ పనిలో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. "ఇమేజ్ మౌంట్ అవ్వట్లేదు" అని వచ్చే ఫోన్లలో నిజంగా డేటా చెడిపోయినవి తక్కువ. జాడీలో ఊరగాయ బాగానే ఉంటుంది, మూతే బిగుసుకుపోయి ఉంటుంది. అయితే ఆ కంగారులో జాడీని నేలకేసి కొట్టేవాళ్లు చాలామంది. అందుకే మూత ఎక్కడ పట్టేసిందో చూసుకునే వరస చెబుతాను. నేను చెప్పేది ఎక్కువగా విండోస్ గురించి, ఎందుకంటే మన ఆఫీసుల్లో బల్లల మీద ఉన్నది అదే.

ముందు ఒక్క మాట, ఇమేజ్ అంటే ఏమిటో. ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టడం కాదు. డిస్కు ఎలా ఉందో అలా, పార్టిషన్లు, బూట్ భాగం, విండోస్, మీ ఫైళ్లు, డిలీట్ చేయడం మర్చిపోయిన చెత్తతో సహా ఒకే పెద్ద ఫైలుగా అచ్చు తీయడం. మౌంట్ చేయడమంటే ఆ ఫైలే ఒక డిస్కన్నట్టు కంప్యూటర్‌ను నమ్మించి, దానికి ఇ, ఎఫ్ లాంటి అక్షరం ఇప్పించడం. కంప్యూటర్ మొత్తాన్ని వెనక్కి తిప్పకుండా, కావాల్సిన నాలుగు ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. ఆ నమ్మించే పని జరగడానికి నాలుగైదు మెట్లు ఎక్కాలి. ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

అంతకంటే ముందు ఒక కట్టుబాటు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అమ్మ ఎలా అరుస్తుందో తెలుసుగా? ఇమేజ్‌ను రాయడానికి వీలుండేలా మౌంట్ చేయడం తడి గరిటె పెట్టడమే. ఊరికే తెరిచి చూశాను అనుకుంటారు. మీరు చూస్తూ ఉండగా విండోస్ వెనకాల ఏదో రాస్తూనే ఉంటుంది: రీసైకిల్ బిన్ ఫోల్డర్, సెర్చ్ ఇండెక్స్, ఫైల్ సిస్టమ్ లాగ్, ఒక్కోసారి డిస్కు గుర్తు సంఖ్య. ఆ ఒక్క ఫైలే మీ దగ్గరుంటే అంతకన్నా ప్రమాదం లేదు. డబుల్ క్లిక్ మానేయండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'యాక్షన్' మెనూలోకి వెళ్లి 'అటాచ్ విహెచ్‌డి' ఎంచుకుంటే, కింద 'రీడ్ ఓన్లీ' అని చిన్న గడి ఉంటుంది. అది టిక్ చేసి అప్పుడు ఓకే కొట్టండి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలోనూ ఇలాంటి ఎంపిక ఏదో ఒక మూల ఉంటుంది.

దీనికి తోడు ఎప్పటికీ ఒప్పుకోకూడని ప్రశ్నలు రెండున్నాయి. డిస్కును ఇనిషియలైజ్ చేయమంటారా అనేది ఒకటి. వాడే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అనేది రెండోది. రెండింటికీ క్యాన్సిల్. ఫార్మాట్ ప్రశ్న వచ్చిందంటే డిస్కు పాడైందని కాదు, లోపలున్నది విండోస్‌కి అర్థం కాలేదని. ఆ సంగతి తర్వాత.

ఇక మొదటి మెట్టు, అసలు ఫైలు దాకా చెయ్యి అందుతోందా? ఇది మరీ తేలిక ప్రశ్నలా ఉంటుంది, ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. ఇమేజ్ ఆఫీసు సర్వర్ మీద ఉంది, దానికి జెడ్ అనే డ్రైవ్ అక్షరం మ్యాప్ చేసి ఉంది. ఎక్స్‌ప్లోరర్‌లో జెడ్ చక్కగా కనిపిస్తుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే మాత్రం జెడ్ అనేదే లేదంటుంది. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడుస్తోంది, మీరు జెడ్‌ను తగిలించింది మామూలు హోదాలో. మనిషి ఒక్కడే అయినా విండోస్ లెక్కలో ఇద్దరు, ఒకరి మ్యాపింగ్ ఇంకొకరికి కనబడదు. రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారిని టైపు చేయండి, దొరుకుతుంది.

నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే నాస్ పెట్టెలతో ఇంకో చిక్కు. వాటిలో చాలావాటికి లోపల నడిచేది లినక్స్, ఫైళ్లు పంచేది సాంబా. అది కొన్నిసార్లు పెద్ద ఫైలును స్పార్స్ అని విండోస్‌కి చూపిస్తుంది, దాంతో విండోస్ తగిలించనంటుంది. సర్వర్ సెట్టింగులు మార్చే మార్గాలున్నాయిగానీ, తొందరలో ఉన్నవాడికి నా సలహా ఒక్కటే: చోటుంటే ఫైలును లోకల్ డిస్కులోకి కాపీ చేసుకోండి. దీనివల్ల మూడు లాభాలు. నెట్‌వర్క్ చిక్కులు పోతాయి, కంప్రెషన్ పోతుంది, అసలు ఫైలు చెక్కుచెదరకుండా వెనకాల ఉంటుంది. కాపీ మధ్యలో ఆగిపోయిందా, అసలు రోగం కేబుల్‌దో డిస్కుదో అని కూడా అప్పుడే తేలిపోతుంది.

కాపీ చేసే డిస్కు ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. ఎన్‌టీఎఫ్ఎస్ ఉన్న డిస్కు చూసుకోండి. పాత బ్యాకప్‌లు ఈ కారణానికే 4 జీబీ ముక్కలుగా ఉంటాయి. ముక్కల్లో ఒక్కటి తక్కువైనా తెరుచుకోవు.

ముక్కల సంగతి వచ్చింది కాబట్టి గొలుసు సంగతి కూడా. ఫుల్ బ్యాకప్ ఒకటి, దాని మీద రోజూ ఇంక్రిమెంటల్‌లు, అంటే ముందుదాని తర్వాత మారినవి మాత్రమే. శుక్రవారం ఇమేజ్ తెరవాలంటే ఆదివారం తీసిన ఫుల్ ఉండాలి, సోమవారం నుంచి శుక్రవారం దాకా ప్రతి ఒక్కటీ ఉండాలి. డిఫరెన్షియల్ అయితే ఫుల్ ఒకటీ, ఆ రోజుది ఒకటీ చాలు. చోటు కోసం "పాతవి కదా" అని మధ్యలో ఒకటి తీసేసిన ఆఫీసులు నేను చూశాను. పేర్లు మార్చడం కూడా అలాంటిదే. 'శ్రీనివాస్ సార్ లాప్‌టాప్ ఫైనల్' అని ముద్దుగా పేరు పెడతారు, దాని మీద ఆధారపడిన పిల్ల ఫైలు వెతికేదేమో పాత పేరుని. గొలుసు తెగిందనో, పేరెంట్ దొరకలేదనో అర్థం వచ్చే మాట కనిపిస్తే ముందు అన్ని ఫైళ్లూ ఒకే ఫోల్డర్‌లో, వాటి అసలు పేర్లతో ఉన్నాయో లేదో చూడండి.

రెండో మెట్టు: ఈ ఫైలు ఎవరి భాషలో ఉంది? విండోస్‌కి స్వయంగా వచ్చినవి విహెచ్‌డి, విహెచ్‌డిఎక్స్, ఐఎస్‌ఓ. విహెచ్‌డి పాతది, 2 టీబీకి ఇంచుమించుగా, కచ్చితంగా చెప్పాలంటే 2040 జీబీ దగ్గర ఆగిపోతుంది. విహెచ్‌డిఎక్స్ విండోస్ 8, సర్వర్ 2012లతో వచ్చింది, 64 టీబీ దాకా పోతుంది. మూల గదిలో ఇంకా విండోస్ 7 మెషీన్ ఉంటే అది విహెచ్‌డిఎక్స్‌ను ముట్టదు. మాక్రియం రిఫ్లెక్ట్ వాళ్ల ఎంఆర్‌ఐఎంజి, అక్రోనిస్ వాళ్ల టిబ్, వీమ్ వాళ్ల విబికె ఇవన్నీ సొంత భాషలు. వాటిని చదవాలంటే ఆ సాఫ్ట్‌వేరే కావాలి, అది కూడా సమానమైనదో కొత్తదో అయిన వెర్షన్. కొత్త వెర్షన్ రాసినది పాత వెర్షన్ చదవకపోవడం మామూలే. అక్రోనిస్ 2020 ఎడిషన్ నుంచి టిబ్ఎక్స్ అని కొత్త రకం మొదలుపెట్టింది, పాత ఎడిషన్‌కి అది తెలియదు. ఊరికే వస్తుంది కదా అని మాక్రియం ఉచిత వెర్షన్ వాడినవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి, ఆ వెర్షన్‌కు సపోర్టు 2024 జనవరి 1తో ముగిసింది. దాని ఇన్‌స్టాలర్ మీ దగ్గర దాచిపెట్టి ఉంటే పారేయకండి.

క్లోన్‌జిల్లాతో తీసినవాళ్లకు ఒక చేదు నిజం. దాని ఇమేజ్ ఉన్నది ఉన్నట్టుగా డ్రైవ్‌గా మౌంట్ కాదు. ముందు ఇంకో డిస్కు మీదికి రీస్టోర్ చేయాలి, లేదా ముడి ఇమేజ్‌గా మార్చుకోవాలి. గంటల తరబడి మౌంట్ చేసే సాఫ్ట్‌వేర్ వెతుక్కునే బదులు ఒక ఖాళీ డిస్కు తెచ్చుకోవడం మేలు. విమ్ ఫైళ్లది ఇంకో తీరు. వాటిని డిస్మ్ అనే కమాండ్ ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి మౌంట్ చేస్తుంది, డ్రైవ్ అక్షరం ఇవ్వదు. అక్షరం రాలేదేమిటని ఎదురుచూడకండి.

విండోస్‌లోనే ఉన్న సిస్టమ్ ఇమేజ్ పద్ధతిని వాడినవాళ్లకు విండోస్‌ఇమేజ్‌బ్యాకప్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఆ పద్ధతిని 2017లోనే మైక్రోసాఫ్ట్ ఇక పెంచబోమని ప్రకటించినా కంట్రోల్ ప్యానెల్‌లో 'విండోస్ 7' అనే పేరు తగిలించుకుని ఇంకా ఉంది, జనం వాడుతూనే ఉన్నారు. తెరవబోతే మీకు అనుమతి లేదంటుంది, కంటిన్యూ కొట్టండి. లోపల కంప్యూటర్ పేరుతో ఫోల్డర్, అందులో బ్యాకప్ తేదీతో ఇంకోటి, దాంట్లో అర్థంకాని పొడుగు పేర్లతో రెండు మూడు విహెచ్‌డిఎక్స్ ఫైళ్లు. ఒక్కో పార్టిషన్‌కి ఒక్కోటి. చిన్నవాటిని తెరిచి "ఖాళీగా ఉందన్నా" అనొద్దు, అవి బూట్‌కీ రికవరీకీ సంబంధించినవి. అన్నిటికంటే లావుదే మీ సి డ్రైవ్.

ఒక సంగతి ఉద్యోగులు తెలుసుకోవాలి. ఐఎస్‌ఓ ఎవరైనా మౌంట్ చేయొచ్చు. విహెచ్‌డి మౌంట్ చేయడానికి అడ్మిన్ హక్కు కావాలి. కంపెనీ లాప్‌టాప్‌లో అది మీకు లేకపోతే, ఎన్ని గంటలు కుస్తీ పట్టినా రాదు. అది మీ చేతకానితనం కాదు, ఐటీ వాళ్లకి టికెట్ పెట్టాల్సిన పని. ఎర్రర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి జత చేయండి. "ఓపెన్ అవ్వట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే వాళ్లు రేపు పొద్దున ఫోన్ చేసి "ఏం వస్తోంది సార్?" అని అడుగుతారు, ఒక రోజు అక్కడే పోతుంది.

మూడో మెట్టు మీద ఆగినవాళ్లు చెప్పే మాట ఇలా ఉంటుంది: "ఎర్రర్ ఏమీ రాలేదు, కానీ డ్రైవ్ కనబడట్లేదు." డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద వరసలో లేత నీలం బొమ్మతో కొత్త డిస్కు ఉందా? ఉంటే మౌంట్ అయినట్టే, అక్షరమే రాలేదు. పార్టిషన్ మీద కుడి క్లిక్, డ్రైవ్ లెటర్ మార్చు, యాడ్. ఎప్పుడూ రాకపోతుంటే ఆటోమౌంట్ ఎవరో ఆపి ఉంటారు. డిస్క్‌పార్ట్‌లో ఆటోమౌంట్ ఎనేబుల్ అని కొడితే మళ్లీ మొదలవుతుంది. అక్షరం ఇచ్చినా ఎక్స్‌ప్లోరర్‌లో వేరేదేదో తెరుచుకుంటోందంటే, అదే అక్షరాన్ని నెట్‌వర్క్ డ్రైవ్ ముందే పట్టుకుని ఉంది. ఎక్కడో చివరి అక్షరం, ఎస్సో టీయో ఇచ్చి చూడండి.

అక్కడే 'ఆఫ్‌లైన్' అని ఎర్రగా ఉంటే సంగతి వేరు. దాని మీద మౌస్ పెడితే సిగ్నేచర్ కలిజన్ అన్న మాట కనిపించవచ్చు. ప్రతి డిస్కుకీ ఒక గుర్తు సంఖ్య ఉంటుంది. మీరు ఏ డిస్కు నుంచి ఇమేజ్ తీశారో ఆ డిస్కు అదే కంప్యూటర్‌లో ఉండగా ఇమేజ్‌ను తగిలిస్తే, ఒకే ఆధార్ నంబరుతో ఇద్దరు వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డట్టు. విండోస్ రెండోవాడిని పక్కన కూర్చోబెడుతుంది. ఇక్కడ 'ఆన్‌లైన్' అని కొట్టేస్తే పని అవుతుంది, నిజమే. కానీ విండోస్ ఆ ఇమేజ్‌లో గుర్తు సంఖ్యను మార్చి రాసేస్తుంది. రేపు దాన్ని రీస్టోర్ చేస్తే బూట్ కాకపోవచ్చు, ఎందుకంటే బూట్ వివరాల్లో ఉన్నది పాత సంఖ్య. కాబట్టి రెండే దారులు: వేరే కంప్యూటర్‌లో మౌంట్ చేయడం, లేదా కాపీని మాత్రమే ఆన్‌లైన్ చేయడం.

నాలుగో మెట్టు మీద డ్రైవ్ వస్తుంది, అక్షరం వస్తుంది, క్లిక్ చేస్తే ఫార్మాట్ చేయమంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'రా' అని చూపిస్తుంది. లోపలిది లినక్స్ పార్టిషన్ అయితే విండోస్‌కి మామూలుగా అర్థం కాదు, ఉబుంటు ఉన్న కంప్యూటర్‌కి పట్టుకెళ్లండి. ఎక్కువగా మాత్రం డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ కారణం. విండోస్ నడుస్తుండగా, డ్రైవ్ తాళం తీసి ఉన్నప్పుడు తీసిన ఇమేజ్‌లో డేటా సాధారణంగా తాళం లేకుండానే ఉంటుంది. బయటి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, తాళం వేసి ఉన్న డిస్కును సెక్టార్ సెక్టార్‌గా తీస్తే తాళంతో సహా వస్తుంది. దానికి 48 అంకెల రికవరీ కీ కావాలి. సొంత లాప్‌టాప్ అయితే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండొచ్చు, ఆఫీసుదైతే ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. నేను బిట్‌లాకర్ ఎప్పుడూ పెట్టలేదు అని ప్రమాణం చేయకండి. విండోస్ 11 24హెచ్2 కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా లాప్‌టాప్‌లలో అది తనంతట తానే మొదలవుతుంది. కీని టెక్స్ట్ ఫైలుగా అదే లాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద దాచుకున్న పెద్దమనిషిని నేనెరుగుదును. బీరువా తాళం బీరువాలో పెట్టి తలుపు వేసుకున్నట్టు.

ఐదో మెట్టు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడికి వచ్చేసరికి జనం గెలిచేశామనుకుంటారు. డ్రైవ్ తెరుచుకుంది, ఫోల్డర్లు కనిపిస్తున్నాయి. ఫైళ్లే రావు.

యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద క్లిక్ చేస్తే యాక్సెస్ డినైడ్. "నేనే కదా!" అంటారు. పేరు అదే, విండోస్ చూసేది పేరును కాదు, దాని వెనకున్న సంఖ్యను. పాత కంప్యూటర్‌లో మీ సంఖ్య వేరు, కొత్తదాంట్లో వేరు. కంటిన్యూ కొడితే విండోస్ అనుమతులను మార్చి రాయబోతుంది, మనం రీడ్ ఓన్లీలో మౌంట్ చేశాం కాబట్టి రాయలేదు. ఈ అడ్డు చూసి రాయడానికి వీలుగా మళ్లీ మౌంట్ చేసేస్తారు. అక్కర్లేదు. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో రోబోకాపీ వాడండి. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాల్సింది ఇలా ఉంటుంది:

రోబోకాపీ ఇ:\యూజర్స్ డి:\పాతవి /ఇ /బి /ఎక్స్‌జె /ఆర్:1 /డబ్ల్యు:1

దీంట్లో 'బి' అనేది బ్యాకప్ హోదా. అనుమతులను పక్కన పెట్టి చదువుతుంది, దేన్నీ మార్చదు. 'ఎక్స్‌జె' లేకపోతే యూజర్ ఫోల్డర్‌లోని దొంగ దారులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంది. ఇక 'ఆర్', 'డబ్ల్యు' సంగతి. ఇవి రాయకపోతే రోబోకాపీ ఒక్క ఫైలు చదవలేకపోయినా పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, మధ్యలో 30 సెకన్లు ఆగుతూ. లెక్క కట్టండి, 347 రోజులు. రాత్రి పెట్టి ఇంటికెళ్లి పొద్దున వచ్చి చూస్తే మూడో ఫైలు దగ్గరే ఉందని వాపోయినవాళ్లు దీని బాధితులే. ఇంకో చిలిపితనం కూడా ఉంది దీనికి. డ్రైవ్ మొత్తాన్ని మూలం నుంచి కాపీ చేస్తే గమ్యం ఫోల్డర్‌కి 'దాచిన' గుర్తు అంటుకుని, కాపీ అయింది కానీ ఫోల్డర్ మాయం అన్నట్టు అవుతుంది. కంగారు పడకండి. దాచిన సిస్టమ్ ఫైళ్లను చూపించమంటే అక్కడే ఉంటుంది.

తర్వాతిది వన్‌డ్రైవ్. ఇది నిజంగా బాధ పెట్టేది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్‌కి కలిపేసి ఉన్న ఆఫీసు లాప్‌టాప్‌లో చాలా ఫైళ్లు డిస్కు మీద ఉండవు, వాటి పేరు పలకలే ఉంటాయి. ఇమేజ్‌లోకి వచ్చేవీ ఆ పలకలే. తెరిస్తే క్లౌడ్ ఫైల్ ప్రొవైడర్ నడవట్లేదు అనే ఎర్రర్ వస్తుంది. ప్రాపర్టీస్ చూడండి, సైజు 3 ఎంబీ అని ఉండి, డిస్కు మీది సైజు సున్నా అని ఉంటే ఫైలు ఇమేజ్‌లో లేదు. దాన్ని వెతకాల్సింది బ్రౌజర్‌లో, వన్‌డ్రైవ్ అకౌంట్‌లో. మౌంట్‌తో కుస్తీ దండగ.

ఔట్‌లుక్ మెయిల్ తీసేవాళ్లు ఇక్కడ ఆగండి. పిఎస్‌టి ఫైలును ఔట్‌లుక్ తెరవాలంటే దానికి రాసే హక్కు ఉండాలి. రీడ్ ఓన్లీ డ్రైవ్ నుంచి నేరుగా తెరవదు, ఫైలు పాడైందేమో అనిపించే ఎర్రర్ ఇస్తుంది. లోకల్ డిస్కులోకి కాపీ చేసి తెరవండి. ఓఎస్‌టి అయితే కాపీ చేసినా లాభం లేదు, అది పాత ప్రొఫైల్‌కి కట్టుబడిన నకలు. మెయిల్ సర్వర్ నుంచే మళ్లీ దిగాలి.

టాలీ కూడా అంతే. మౌంట్ అయిన డ్రైవ్ నుంచి కంపెనీని నేరుగా తెరవబోవద్దు. టాలీప్రైమ్ డేటా మామూలుగా యూజర్స్‌లోని పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటుంది. పాత ఈఆర్‌పీ 9 అయితే ఎక్కువగా అది ఇన్‌స్టాల్ అయిన చోటే డేటా ఫోల్డర్‌లో. పేరుకు బదులు అంకెలున్న ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి, ఆ కాపీ దారిని టాలీలో ఇవ్వండి. కొత్త వెర్షన్‌లో తెరిస్తే డేటాను తన పద్ధతికి మార్చుకుంటానంటుంది. మారాక పాత వెర్షన్ దాన్ని చదవకపోవచ్చు, అందుకే ముట్టుకోని కాపీ ఇంకోటి పక్కనుంచండి. టాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అది గుర్తున్నవాళ్లను ముందే పిలిపించుకోండి.

డీటీపీ సెంటర్ల వాళ్లకు ఒక మాట. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు తీసుకుని, తెరిస్తే తెలుగు బదులు గీతలూ గుర్తులూ వచ్చాయని డేటా చెడిందనుకుంటారు. అను ఫాంట్లతో కట్టిన పేజీలు ఆ ఫాంట్ లేకుండా అలాగే కనిపిస్తాయి. ఇమేజ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, పాత కంప్యూటర్ ఫాంట్లు ఎక్కువగా అందులోనే ఉంటాయి. పెళ్లి కార్డుల ఫైళ్లు తీసినప్పుడు వాటినీ తీసుకోండి.

ఇవన్నీ దాటినా తెరుచుకోకపోతే అప్పుడు అనుమానించండి ఫైలును. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో 'వెరిఫై' ఉంటుంది, నడపండి. అది తప్పిందంటే వెంటనే ఏడవక్కర్లేదు. వేరే కేబుల్‌తో, వేరే యూఎస్‌బీ పోర్టులో, వీలైతే వేరే కంప్యూటర్‌లో ఇంకోసారి. కేబుల్ మార్చగానే నయమైన 'చెడిపోయిన' ఇమేజ్‌లు నాకు లెక్కలేనన్ని తెలుసు. విండోస్ తరఫు గోడు వినాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో విహెచ్‌డిఎంపి అనే పద్దు చూడండి, బయటికి చెప్పని కారణం అక్కడ రాసి ఉంటుంది. మౌంట్ చేయడానికి ససేమిరా అన్న విహెచ్‌డిఎక్స్‌ను 7-జిప్ తెరవడం కూడా ఉంది. నాలుగు ఫైళ్లే కావాలంటే అదే చాలు. సాఫ్ట్‌వేర్ డ్రైవరే లోడ్ కావట్లేదంటే, విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటిగ్రిటీ పాత డ్రైవర్లను అడ్డుకుంటోందేమో. దాన్ని ఆపడం నాకిష్టం లేదు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయండి.

డిస్కే టకటక శబ్దం చేస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ప్లగ్ పీకేయండి. డేటా రికవరీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. అయితే ఎవరి చేతికి ఇస్తున్నారో ఆలోచించి ఇవ్వండి. ఇమేజ్ అంటే మీ రిటర్నుల ఫోల్డర్ ఒక్కటే కాదు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, క్లయింట్ల పాన్ కార్డులు, మీ ఇంటి ఫొటోలు, అన్నీ. కుర్రాడు దించుతున్న ఆ ఊరూ పేరూ లేని రిపేర్ సాఫ్ట్‌వేర్‌ను నేను ఆపమన్నది సగం ఇందుకే.

పని అయ్యాక కేబుల్ పీకేయొద్దు. ముందు మౌంట్ అయిన డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ఎజెక్ట్, ఆ తర్వాత ఎక్స్‌టర్నల్ డిస్కును ఎజెక్ట్. వరస తిరగేస్తే డిస్కు వాడుకలో ఉంది అంటుంది, చాలామందికి అర్థంకానిది అదే. ఇమేజ్ ఫైలు ఆ డిస్కు మీదే కదా ఉంది.

గుంటూరు కుర్రాడు ఆ రాత్రి పదకొండుకి టాలీ తెరిచాడు. మూడు వారాల ఎంట్రీలు మళ్లీ కొట్టడానికి ఇద్దరు కూర్చుని, 20 మధ్యాహ్నానికి రిటర్న్ వేసేశారు. తర్వాత నేను అటు వెళ్లినప్పుడు ఆ హార్డ్‌డిస్క్ చూశాను. తెల్ల టేపు అంటించి దాని మీద మార్కర్‌తో రాశాడు. ఇమేజ్ తీసిన తేదీ, దేంతో తీసింది, దాని వెర్షన్, చివరిసారి మౌంట్ చేసి చూసిన తేదీ. కింద ఎర్ర అక్షరాలతో ఇంకో లైను: 'నిండితే నాకు చెప్పండి, టిక్కు పెట్టకండి.'